మార్కులు గుమ్మం దాకే: అమెరికా మెడికల్ కాలేజీ దరఖాస్తు, కెమెరా ముందు ఇంటర్వ్యూ

"ఎంక్యాట్‌లో 520 వచ్చిందట, అయినా ఒక్క కాలేజీ కూడా సీటు ఇవ్వలేదట." ఎంక్యాట్ అంటే అమెరికా మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష, పూర్తి స్కోరు 528. అమెరికాలో పిల్లల్ని డాక్టర్లుగా చూడాలనుకునే తెలుగు ఇళ్లలో ఏటా ఇలాంటి మాట ఒకటి చక్కర్లు కొడుతూనే ఉంటుంది. విన్నవాళ్లకు ముందు ఆశ్చర్యం, తర్వాత అనుమానం. ఎక్కడో అన్యాయం జరిగిందనో, టైం బాగోలేదనో సర్దిచెప్పుకుంటారు. ర్యాంకు వస్తే సీటు వచ్చినట్టే అన్న లెక్కలో పెరిగిన తల్లిదండ్రులకు ఇది మింగుడుపడకపోవడంలో వింతేమీ లేదు. కానీ అక్కడ ఆడుతున్న ఆటే వేరు.

అమెరికాలో మెడికల్ అడ్మిషన్ ఒక పరీక్షతో తేలేది కాదు. మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఈ విద్యార్థికి వైద్యవిద్య బరువు మోసే శక్తి ఉందా? వైద్యం అంటే ఏమిటో నిజంగా తెలిసే వస్తున్నారా? రేపు రోగి మంచం పక్కన, నర్సుల మధ్య, తోటి విద్యార్థుల మధ్య ఎలా మసలుకుంటారు? మొదటిదానికి మార్కులు, రెండోదానికి వ్యాసాలు, మూడోదానికి ఇంటర్వ్యూ జవాబు చెప్పాలి. మంచి మార్కులున్న దరఖాస్తులు చాలావరకు దెబ్బతినేది ఒకే చోట: మొదటి ప్రశ్నకు సిద్ధం చేసుకున్న జవాబునే మిగతా రెండింటికీ అప్పజెప్పడం దగ్గర. "నేను బాగా చదువుతాను, కష్టపడతాను" అని వ్యాసంలోనూ చెప్పి, ఇంటర్వ్యూలోనూ చెప్తే వినేవాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఆ సంగతి ట్రాన్‌స్క్రిప్టులో వాళ్లు అప్పటికే చూసుకున్నారు.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. మెడికల్ కాలేజీల సంఘమైన ఏఏఎంసీ లెక్కల ప్రకారం 2021లో ఎండీ కోర్సుకు (అక్కడ ఇది మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ, మామూలు డిగ్రీ అయ్యాక చేరతారు) 62,443 మంది దరఖాస్తు చేస్తే చేరినవాళ్లు 22,666 మంది. కోవిడ్ నాటి ఆ ఊపు తర్వాత తగ్గింది. 2023 నాటికి దరఖాస్తుదారులు 52 వేల చిల్లరకు దిగారు, చేరినవాళ్లు 23 వేల దరిదాపుల్లో ఉన్నారు. అంటే పదిమందిలో నలుగురికి పైగా ఎక్కడో ఒకచోట సీటు దొరుకుతోంది. చేరినవారి సగటు ఎంక్యాట్ 512కు దగ్గరగా, డిగ్రీ జీపీఏ నాలుగుకు 3.77గా ఉంది. సగటు అంటేనే దానికంటే తక్కువ వచ్చి చేరినవాళ్లు కూడా వేలల్లో ఉన్నారని అర్థం. 520 వచ్చి సీటు రానివాళ్లూ, 508తో చేరినవాళ్లూ ఒకే ఏడాది కనబడటానికి కారణం లాటరీ కాదు. రెండో, మూడో ప్రశ్నల దగ్గర వాళ్ల దారులు వేరయ్యాయి.

ఎంక్యాట్ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. నాలుగు విభాగాలు, ఒక్కోదానికి 118 నుంచి 132 వరకు స్కోరు, మొత్తం 472 నుంచి 528. విరామాలతో కలిపి ఏడున్నర గంటలు కుర్చీలో కూర్చోవాలి. ఇందులో కార్స్ అనే విభాగానికి సైన్స్ చదువు ఏమీ అక్కరకు రాదు. చరిత్ర, తత్వశాస్త్రం, కళల వంటి విషయాల మీద గద్యభాగాలు ఇచ్చి, రచయిత ఏమంటున్నాడో, ఎందుకంటున్నాడో అడుగుతారు. కోచింగ్‌తో రాత్రికి రాత్రి పెరగని స్కోరు ఇది. చిన్నప్పటి నుంచి పాఠ్యపుస్తకాలు తప్ప వేరే ఏదీ చదవనివాళ్లను ఇక్కడే పట్టుకుంటుంది. ఇంకో సంగతి: ఏడాదిలో మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లకు మించి ఈ పరీక్ష రాయనివ్వరు. రాసిన ప్రతిసారీ వచ్చిన స్కోరు కాలేజీలకు కనబడుతుంది కూడా. "ఊరికే ఒకసారి రాసి చూద్దాం" అనడం ఇక్కడ పనికిరాదు.

ముందు వెళ్లినవారికి ముందు

ఎండీ కాలేజీల్లో దాదాపు అన్నింటికీ ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివర్లోనో జూన్ మొదట్లోనో సమర్పించవచ్చు, జూన్ చివరి నుంచి కాలేజీలకు చేరడం మొదలవుతుంది. మధ్యలో వెరిఫికేషన్ అనే ఘట్టం ఉంది. డిగ్రీలో చదివిన ప్రతి కోర్సునూ, ప్రతి గ్రేడునూ ట్రాన్‌స్క్రిప్టుతో సరిపోల్చి చూస్తారు. రద్దీ వేళల్లో దీనికి ఆరు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. కోర్సు పేరు తప్పుగా ఎక్కించినా, ఒక కమ్యూనిటీ కాలేజీలో ఎప్పుడో చదివిన వేసవి కోర్సును మరిచిపోయినా ఫైలు వెనక్కి వస్తుంది, లైను మళ్లీ మొదటి నుంచి.

చాలా కాలేజీలు వచ్చిన ఫైళ్లను వచ్చినట్టే చదువుతూ, ఇంటర్వ్యూలకు పిలుస్తూ, సీట్లు ఇచ్చుకుంటూ పోతాయి. కాగితం మీద చివరి తేదీ అక్టోబర్ అనో నవంబర్ అనో ఉన్నా, ఆ తేదీకి పంపినవాళ్లు వడ్డన సగం అయ్యాక బంతిలో కూర్చున్నట్టే. అలాగని సగం ఉడికిన వ్యాసాన్ని జూన్ మొదటి రోజునే పంపడం కూడా తెలివి కాదు. రెండు వారాలు ఆలస్యమైతే నష్టం స్వల్పం. రెండు నెలలైతే ఎక్కువ.

టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలకు టీఎండీఎస్ఏఎస్ అనే సొంత దరఖాస్తు ఉంది. ఎన్ని కాలేజీలకు పెట్టినా ఒకటే ఫీజు. కానీ అక్కడి నిబంధనల ప్రకారం సీట్లలో తొంభై శాతం టెక్సాస్ నివాసులకే పోతాయి కాబట్టి బయటి రాష్ట్రాలవారికి ఆ చవక పెద్దగా ఉపయోగపడదు. ఎండీకి సమాంతరంగా నడిచే ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ డీఓ. ఆ కాలేజీలకు ఏకోమాస్ అనే మూడో దరఖాస్తు. డీఓ అంటే తక్కువ డాక్టరేమో అన్న అపోహ మనవాళ్లలో ఇంకా గట్టిగానే ఉంది. అమెరికాలోని యాభై రాష్ట్రాల్లోనూ డీఓలకు మందులు రాయడానికీ, ఆపరేషన్లు చేయడానికీ పూర్తి హక్కు ఉంది. 2020 నుంచి రెసిడెన్సీ శిక్షణ (వైద్య డిగ్రీ అయ్యాక ఆస్పత్రిలో పొందేది) కూడా ఎండీలతో కలిపి ఒకే గుర్తింపు వ్యవస్థ కిందికి వచ్చింది. పరువు కోసం ఈ దారిని ముందే మూసేసుకున్న ఇళ్లలో రెండో ఏడాది దరఖాస్తు దగ్గర ఆలోచన మారడం మామూలే.

ఇక డబ్బు. ఆమ్‌కాస్‌కు మొదటి కాలేజీకి 175 డాలర్లు, ఆపైన ఒక్కో కాలేజీకి 45 డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఇరవై కాలేజీలంటే ఇక్కడే వెయ్యి దాటుతుంది. తర్వాత ఒక్కో కాలేజీ విడిగా పంపే సెకండరీ దరఖాస్తుకు చాలాచోట్ల వంద డాలర్ల వరకు కట్టాలి. ఎంక్యాట్ ఫీజు మూడు వందల పైమాటే. అన్నీ కలిపితే మూడు, నాలుగు వేలు తేలిగ్గా అయిపోతాయి. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఏఏఎంసీ ఫీజు సహాయ పథకం ఉంది. అది మంజూరైతే ఎంక్యాట్ ఫీజు తగ్గుతుంది, ఇరవై కాలేజీల వరకు ఆమ్‌కాస్ ఫీజు ఉండదు. అయితే డబ్బు కట్టక ముందే దీనికి అప్లై చేసుకోవాలి. కట్టేశాక అడిగితే వెనక్కి ఇవ్వరు.

ఎక్కడ పెట్టాలన్నది పేరుప్రతిష్ఠలను బట్టి తేల్చే విషయం కాదు. ఏఏఎంసీ నడిపే ఎంఎస్ఏఆర్ అనే డేటాబేస్‌లో ప్రతి కాలేజీ సొంత రాష్ట్రంవాళ్లను ఎంతమందిని తీసుకుంటుందో, బయటివాళ్లను ఎంతమందిని తీసుకుంటుందో ఉంటుంది. బయటివాళ్లను వేళ్లమీద లెక్కపెట్టేంతమందినే తీసుకునే ప్రభుత్వ కాలేజీకి దూర రాష్ట్రం నుంచి ఫీజు కట్టడం విరాళం ఇచ్చినట్టే.

తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది వీసా సంగతి. హెచ్1బీ మీద వచ్చిన తల్లిదండ్రుల పిల్లలు హెచ్4 మీద ఉండి, అమెరికాలోనే పదిహేనేళ్లు చదివినా, 21 నిండగానే ఆ డిపెండెంట్ హోదా పోతుంది. గ్రీన్‌కార్డు అప్పటికి చేతికి రాకపోతే చదువు కొనసాగించడానికి చాలామంది ఎఫ్1 విద్యార్థి వీసాకు మారతారు. మెడికల్ కాలేజీల లెక్కలో ఆ పిల్ల అంతర్జాతీయ విద్యార్థిని అయిపోతుంది. అనేక ప్రభుత్వ కాలేజీలు పౌరుల్నీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనీ తప్ప మిగతావాళ్ల ఫైలు తెరవను కూడా తెరవవు. తీసుకునే కాలేజీల్లో కొన్ని ఏళ్ల తరబడి ఫీజుకు సరిపడా డబ్బు ముందే చూపించమనో, ఎస్క్రోలో, అంటే మూడోవారి చేతిలో ఉండే ఖాతాలో, జమ చేయమనో అడుగుతాయి. ఫెడరల్ అప్పు రాదు. ఇది డిగ్రీ చివరి ఏడాదిలో తెలిస్తే గుండె జారిపోయే విషయం. హైస్కూల్లో ఉండగానే తెలిస్తే కాలేజీ ఎంపిక, ఖర్చుల ప్లాను రెండూ వేరుగా ఉంటాయి. దీని గురించి బంధువుల మధ్య మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోవడం లేదు.

సొంత డబ్బా, సొంత గొంతు

వ్యక్తిగత వ్యాసానికి 5,300 అక్షరాలు. ఖాళీలు కూడా కలిపే లెక్క. చేసిన పనుల జాబితాలో పదిహేను వరకు రాయవచ్చు, ఒక్కోదానికి 700 అక్షరాలు. వాటిలో మూడింటిని అతి ముఖ్యమైనవిగా గుర్తించి, ఒక్కోదానికి ఇంకో 1,325 అక్షరాలు వాడుకోవచ్చు. చోటు తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. అందులోనూ మన ఇళ్లలో సొంత డబ్బా కొట్టుకోకూడదని నేర్పి పెంచుతారు. దాంతో పిల్లలు రెండు అంచుల్లో ఏదో ఒకదానికి జారిపోతారు. కొందరు చేసిందంతా దాచేసి నీరసంగా రాస్తారు. కొందరు ఒక్కసారిగా గేర్లు మార్చి అవార్డుల చిట్టా విప్పుతారు. పొగుడుకోవడమా, తగ్గించుకోవడమా అన్నది అసలు ప్రశ్నే కాదు. చూసింది చూసినట్టు చెప్పగలరా అన్నదే ప్రశ్న.

"ఆస్పత్రిలో 200 గంటలు వాలంటీర్‌గా పనిచేసి కరుణ విలువ తెలుసుకున్నాను" అనే వాక్యం వేల దరఖాస్తుల్లో ఉంటుంది, ఎవరిదైనా కావచ్చు. అదే విద్యార్థి ఇలా రాశారనుకుందాం: వీల్‌చైర్‌లో ఎక్స్‌రే గదికి తీసుకెళ్తున్న పెద్దాయన దారి పొడవునా కళ్లజోడు ఏదని అడుగుతూనే ఉన్నాడు, అది వార్డులో ఉండిపోయిందనీ, అది లేక ఎవరు మాట్లాడుతున్నారో ఆయనకు తెలియడం లేదనీ అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది, ఆ తర్వాత ఏ రోగిని కదిలించే ముందైనా కళ్లజోడు, వినికిడి మిషన్ ఉన్నాయో లేదో చూడటం అలవాటైంది. ఇందులో కరుణ అనే మాటే లేదు. చదివినవాళ్లకు మనిషి కనబడతాడు, అంతే.

తాతయ్యకు గుండెపోటు వచ్చినప్పుడు డాక్టర్ కావాలని నిర్ణయించుకున్నానని మొదలయ్యే వ్యాసాలు కొల్లలు. అందులో అబద్ధం ఉండదు. కానీ వ్యాసం పూర్తయ్యేసరికి తాతయ్య గురించి అంతా తెలుస్తుంది, మనవడి గురించి ఏమీ తెలియదు. దానికి బదులు మన పిల్లలు తమ విషయం కాదనుకుని వదిలేసే అనుభవం ఒకటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, పద్నాలుగేళ్లప్పుడే తెలుగు నుంచి ఇంగ్లిషుకు, ఇంగ్లిషు నుంచి తెలుగుకు మార్చి చెప్పడం. అమ్మమ్మ "ఒళ్లు తూలుతోంది" అంటే దాన్ని ఏమని చెప్పాలి? కళ్లు తిరగడమా, నీరసమా, నడక అదుపు తప్పడమా? ఒక్కో మాటకు ఒక్కో పరీక్ష రాస్తారు. అమెరికాలో ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు అర్హత ఉన్న దుబాసీలను ఏర్పాటు చేయాలనీ, అత్యవసరమైతే తప్ప పిల్లల చేత అనువాదం చేయించకూడదనీ నిబంధన ఉండటానికి కారణం ఇదే. ఆ గదిలో తాను తప్పు చెప్పానేమో అని భయపడ్డ పిల్ల, ఆ నిబంధన ఎందుకు వచ్చిందో తర్వాత తెలుసుకుంటే, ఆ రెండింటినీ కలిపి రాయగలిగితే, పరిశోధన పత్రం కంటే ఎక్కువ బరువు తూగుతుంది.

చాట్‌జీపీటీ వంటి వాటి గురించి ఆమ్‌కాస్ వైఖరి సూటిగానే ఉంది. ఆలోచనలు పోగుచేయడానికో, తప్పులు దిద్దుకోవడానికో వాడుకోవచ్చు, చివరికి పంపేది మాత్రం దరఖాస్తుదారు సొంత పని అయి ఉండాలి, ఆ మేరకు హామీ ఇవ్వాలి. నియమం సంగతి అలా ఉంచితే, యంత్రం నునుపు చేసిన వ్యాసానికి ఇంకో చిక్కు ఉంది. దాన్ని ఇంటర్వ్యూలో నోటితో చెప్పమన్నప్పుడు ఆ గొంతు ఈ గొంతు కలవదు.

సెకండరీల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జులై, ఆగస్టుల్లో గుంపుగా వచ్చిపడతాయి. రెండు వారాల్లో తిప్పి పంపడం ఆనవాయితీ. ప్రశ్నలు ఏటా పెద్దగా మారవు కాబట్టి ముందే చిత్తుప్రతులు రాసుకోవచ్చు. ఒక కాలేజీకి రాసిన జవాబులో ఇంకో కాలేజీ పేరు మిగిలిపోవడం అన్నిటికంటే మామూలు పొరపాటు, అన్నిటికంటే సిగ్గుచేటు కూడా. కొన్ని కాలేజీలు క్యాస్పర్ అనో ప్రివ్యూ అనో పరిస్థితుల మీద తీర్పు అడిగే ఆన్‌లైన్ పరీక్ష కూడా కోరతాయి. పెట్టే కాలేజీల్లో ఏది దేన్ని అడుగుతుందో చూసుకుని వేసవి మొదట్లోనే రాసేస్తే ఒక టెన్షన్ తగ్గుతుంది.

అద్దంలో కాదు, కటకంలోకి

2020 మార్చి దాకా ఇంటర్వ్యూ అంటే విమానం టికెట్టు, హోటల్ గది, కొత్త సూటు, క్యాంపస్ చుట్టూ నడక, విద్యార్థులతో భోజనం. కోవిడ్‌తో అదంతా ఒక్క దెబ్బకు ల్యాప్‌టాప్ తెరలోకి వచ్చేసింది. వ్యాధి తగ్గినా అనేక కాలేజీలు ఆ పద్ధతిలోనే ఉండిపోయాయి. కొన్ని మళ్లీ ముఖాముఖికి వెళ్లాయి, కొన్ని రెండూ ఉంచాయి. పది ఇంటర్వ్యూలకు పది ఊళ్లు తిరగాల్సిన ఖర్చు తప్పడం వల్ల డబ్బు లేని ఇళ్ల పిల్లలకు జరిగిన మేలు మాటల్లో చెప్పేది కాదు. కానీ కాలేజీకి విద్యార్థి, విద్యార్థికి కాలేజీ కనబడే దారులు చాలావరకు మూసుకుపోయాయి. లిఫ్టు దగ్గర నవ్వు, భోజనాల బల్ల దగ్గర కబుర్లు, కూర్చునే తీరు ఇవేవీ లేవు. మిగిలింది ముఖం, మాట. అందుకే మాట మీద భారం పెరిగింది.

ఇంటర్వ్యూల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి పాత పద్ధతి, ఒకరిద్దరు అధ్యాపకులు అరగంటో, గంటో మాట్లాడటం. వాళ్ల చేతిలో ఫైలు మొత్తం ఉంటే ఓపెన్ ఫైల్ అంటారు, ఏమీ చూడకుండా వస్తే క్లోజ్డ్ ఫైల్. రెండోది ఎంఎంఐ, అంటే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ: వరుసగా చాలా చిన్న ఇంటర్వ్యూలు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది, 2004లో పరిశోధనా పత్రంగా వెలుగులోకి వచ్చింది. వైద్య విద్యార్థుల నైపుణ్యాలను వరుసగా చిన్న చిన్న స్టేషన్లలో పరీక్షించే ఆస్కీ అనే విధానం 1970ల్లో స్కాట్లాండ్‌లో మొదలైంది. అదే ఆలోచనను అడ్మిషన్లకు తెచ్చారు. ఒక్కరి అభిప్రాయం మీద సీటు ఆధారపడితే, ఆ ఒక్కరికి ఆ రోజు తలనొప్పిగా ఉన్నా నష్టమే. అదే ఆరుగురో, పదిమందో ఒక్కొక్కరూ ఏడెనిమిది నిమిషాలు చూసి, విడివిడిగా మార్కులు వేస్తే ఒకరి ఇష్టాయిష్టాలు సర్దుకుపోతాయి. విద్యార్థి వైపు నుంచి చూస్తే దీని అర్థం ఒకటుంది: మూడో స్టేషన్‌లో తడబడితే మూడో స్టేషన్ మాత్రమే పోయింది. నాలుగో మనిషికి ఆ సంగతి తెలియదు. దాన్ని మోసుకెళ్లి నాలుగో దాంట్లో పెట్టేది విద్యార్థే. జూమ్‌లో అయితే ఈ స్టేషన్లు బ్రేకౌట్ గదులవుతాయి. ఒక ముఖం మాయమై మరో ముఖం రావడానికి మధ్య ఉన్న ఆ కొద్ది క్షణాలే ఊపిరి పీల్చుకునే వ్యవధి.

ఎంఎంఐలో అడిగే తరహా ప్రశ్న ఒకటి తీసుకుందాం. రోగి అరవై ఏళ్ల మహిళ. పరీక్షల్లో క్యాన్సర్ అని తేలింది. ఆమె కొడుకు డాక్టర్‌ను పక్కకు పిలిచి "అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు" అంటాడు. ఏం చేస్తారు? తెలుగు ఇంట్లో పెరిగిన ఎవరికైనా ఇది ప్రశ్న కాదు, జ్ఞాపకం. మన బంధువుల్లో ఎవరికో ఒకరికి ఇలాగే దాచి ఉంటాం. ప్రిపరేషన్ పుస్తకాలు చదివిన విద్యార్థి ఇక్కడ పది సెకన్లలో తేల్చేస్తారు: రోగి స్వయంనిర్ణయ హక్కు ముఖ్యం, చెప్పాల్సిందే. జవాబు తప్పు కాదు. కానీ మిగిలిన ఏడు నిమిషాలు ఏం మాట్లాడతారు? ఇంకొకరు మన సంప్రదాయంలో కుటుంబమే నిర్ణయిస్తుంది కదా అంటారు. అందులో రోగి అన్న మనిషే మాయమైంది. కొడుకు భయం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు ఆయన్నే అడగాలని తోచినవాళ్లు వేరుగా కనబడతారు. ఆ తర్వాత రోగినే అడగొచ్చు: పరీక్షల ఫలితాలు మీకు ఎంతవరకు తెలియాలనుకుంటున్నారు, మీరే వింటారా, ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా? "నా కొడుక్కి చెప్పండి నాయనా, వాడే చూసుకుంటాడు" అని ఆమె అంటే అది కూడా ఆమె నిర్ణయమే. హక్కు, కుటుంబం ఒకదానికొకటి ఎదురు నిలవాల్సిన అవసరం లేదని ఆ ఒక్క ప్రశ్న తేలుస్తుంది. తమ ఇంట్లో అలా దాచినప్పుడు ఏం జరిగిందో, రోగికి అప్పటికే అనుమానం వచ్చి ఒంటరిగా ఎలా కుమిలిందో చెప్పగలిగితే, ఆ జవాబు ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వగలిగేది కాదు. నాలుగు నైతిక సూత్రాల పేర్లు వల్లించడం దీని ముందు వెలవెలబోతుంది.

సంప్రదాయ ఇంటర్వ్యూలో "డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారు" అనే పాత ప్రశ్న ఎలాగూ వస్తుంది. తల్లీతండ్రీ డాక్టర్లైన పిల్లలు దీన్ని దాటవేయాలని చూస్తారు, దాటవేస్తే అనుమానం పెరుగుతుంది. "ఇంట్లో అందరూ ఇదే అనుకున్నారు, నాకు ఇది నాది అనిపించింది ఫలానా రోజున" అని ఒప్పుకుని మొదలుపెట్టడం నయం. ఓటమి గురించి అడిగినప్పుడు ఆర్గానిక్ కెమిస్ట్రీలో బీ ప్లస్ రావడాన్ని ఓటమిగా చెప్పేవాళ్లున్నారు. వినేవాళ్లకు నవ్వు ఆపుకోవడం కష్టం.

ఇక కెమెరా. తెర మీద కనబడే ముఖాన్ని చూస్తూ మాట్లాడితే అవతలివాళ్లకు కళ్లు దించుకుని మాట్లాడినట్టు ఉంటుంది. కెమెరా కటకంలోకి చూస్తే వాళ్ల ముఖం కనబడదు. దీనికి మధ్యేమార్గం ఉంది. వీడియో కిటికీని చిన్నది చేసి కటకానికి సరిగ్గా కిందికి జరపడం, ల్యాప్‌టాప్‌ను పుస్తకాల మీద పెట్టి కంటి ఎత్తుకు తేవడం. వాళ్లు మాట్లాడుతున్నప్పుడు ముఖాన్ని, తాను మాట్లాడేటప్పుడు కటకాన్ని చూస్తే చాలు. సొంత ముఖం తెర మీద కనబడకుండా దాచే ఆప్షన్ జూమ్‌లో ఉంది. దాన్ని వాడనివాళ్లు అరగంటపాటు అద్దం ముందు కూర్చున్నట్టే, చూపు మాటిమాటికీ అటే పోతుంది. వెలుతురు ముందు నుంచి పడాలి. వెనక కిటికీ ఉంటే మనిషి నీడైపోతాడు. వైఫై కంటే వైరు నయం.

నెట్‌లో మాటకు, వినికిడికి మధ్య చిన్న ఆలస్యం ఉంటుంది. ముఖాముఖిలో చురుకుదనంగా కనబడే వెంటనే జవాబు, ఇక్కడ అవతలివాళ్ల మాటకు అడ్డుపడినట్టు అవుతుంది. ప్రశ్న పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టాలి. ఆ క్షణం తనకు యుగంలా అనిపిస్తుంది, చూసేవాళ్లకు ఆలోచిస్తున్నట్టు కనబడుతుంది. జవాబు కూడా రెండు నిమిషాల్లో ఆపడం మేలు. ఎదురుగా ఉంటే వినేవాళ్లు కుర్చీలో కదలడం చూసి ఆపేస్తాం, తెరలో ఆ సైగ అందదు.

అన్నిటికంటే తెలివితక్కువగా ఇంటర్వ్యూ పోగొట్టుకునే దారి గడియారం. ఆహ్వానంలో ఉండేది కాలేజీ ఉన్న చోటి టైం. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు తూర్పు తీరపు ఉదయం తొమ్మిది అంటే తెల్లవారుజామున ఆరు. పైగా నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అది సరిగ్గా ఇంటర్వ్యూల నడిమధ్యలో వస్తుంది. అరిజోనాలో చాలాభాగం ఈ మార్పు పాటించదు కాబట్టి అక్కడివాళ్లకు మిగతా దేశంతో తేడానే మారిపోతుంది. అక్టోబర్‌లో లెక్కవేసి రాసిపెట్టుకున్న నవంబర్ ఇంటర్వ్యూ టైం మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

ఇంట్లోవాళ్ల పాత్ర గురించి కూడా చెప్పుకోవాలి. కుక్కర్ విజిల్, డోర్‌బెల్, కుక్క అరుపు ఇవి పెద్ద నేరాలు కావు. ఒక నవ్వు, ఒక క్షమాపణతో పోతాయి. లైను తెగిపోయి మళ్లీ చేరినప్పుడు కంగారు పడకుండా ఎక్కడ ఆగామో అక్కడి నుంచి అందుకున్నవాళ్లకు ఒకరకంగా మార్కులు పెరుగుతాయి కూడా. పిలుపులో ఇచ్చిన ఫోన్ నంబరు కాగితం మీద రాసి పక్కన పెట్టుకుంటే చాలు. అసలు సమస్య కెమెరాకు అందకుండా గది మూలన కూర్చుని సైగలు చేసే తల్లిదండ్రులు. పిల్లల చూపు ఒక్కసారి అటు తిరిగితే చాలు, అవతలివాళ్లకు గదిలో ఇంకెవరో ఉన్నారని తెలిసిపోతుంది. తెర పక్కన అతికించిన చీటీలదీ, వేరే కిటికీలో తెరిచి చదివే జవాబులదీ అదే కథ. చదివే కళ్లు ఎడమ నుంచి కుడికి కదులుతాయి, మాట్లాడే కళ్లు అలా కదలవు.

కొన్ని కాలేజీలు మనిషే లేని ఇంటర్వ్యూ పెడతాయి. తెర మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోవడానికి కొన్ని సెకన్లు, జవాబుకు ఒకటి రెండు నిమిషాలు, రికార్డవుతుంది, ఎవరో తర్వాత చూస్తారు. తల ఊపేవాళ్లు, నవ్వేవాళ్లు ఎవరూ లేక గొంతు తేలిగ్గా చచ్చుబడిపోతుంది. ఫోన్‌లో నాలుగైదు సార్లు తమను తాము రికార్డు చేసుకుని చూడటం తప్ప దీనికి మందు లేదు. మొదటిసారి చూసుకున్నప్పుడు సిగ్గేస్తుంది, మూడోసారికి పోతుంది. జవాబులు బట్టీ పట్టడం మాత్రం ఎక్కడా పనికిరాదు. ఏ విషయం చెప్పాలో గుర్తుంటే చాలు, వాక్యం ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టాలి.

ఫలితాల కాలం

ఎండీ కాలేజీలు మామూలు పద్ధతిలో సీటు ఇచ్చే మొదటి తేదీ అక్టోబర్ 15. అక్కడి నుంచి వసంతం దాకా సీటు, వెయిట్‌లిస్టు, తిరస్కరణ ఏ రోజైనా రావచ్చు. ఒకటికంటే ఎక్కువ సీట్లు వచ్చినవాళ్లు ఏప్రిల్ 30 కల్లా ఒకటే ఉంచుకోవాలి. వర్చువల్ ఇంటర్వ్యూ వల్ల అప్పటిదాకా ఆ ఊరు, ఆ ఆస్పత్రి కళ్లతో చూడనివాళ్లు, సీటు వచ్చాక పెట్టే సందర్శన రోజుకు ఒకసారి వెళ్లి రావడం మంచిది. నాలుగేళ్లు ఉండబోయే చోటు. అక్కడ మూడో ఏడాది విద్యార్థుల ముఖాలు చూస్తే వెబ్‌సైటు చెప్పనివి చాలా తెలుస్తాయి.

ఆ ఎంపికలో డబ్బు పాత్ర ఇప్పుడు ఇంకా పెరిగింది. 2025 జులైలో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం కొత్తగా అప్పు తీసుకునేవారికి 2026 జులై 1 నుంచి గ్రాడ్ ప్లస్ రుణాలు (డిగ్రీ పైచదువుల ఖర్చు మొత్తానికి దొరికే ఫెడరల్ అప్పు) ఉండవు. వైద్య విద్యార్థులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లకు పరిమితం. ప్రైవేటు కాలేజీల్లో నాలుగేళ్ల ఖర్చు 3 లక్షలు దాటడం మామూలే కాబట్టి, ఆ తేడాను ప్రైవేటు అప్పుతోనో, ఇంటి డబ్బుతోనో పూడ్చాలి. పేరున్న కాలేజీయా, స్కాలర్‌షిప్ ఇచ్చే సొంత రాష్ట్రపు కాలేజీయా అన్న మీమాంస ఈ అంకెల ముందు కొంత తేలికవుతుంది.

ఏమీ రానివాళ్లు మరుసటి జూన్‌లో అదే ఫైలును తేదీలు మార్చి పంపితే వచ్చే జవాబు కూడా అదే. చేరినవారిలో సగానికి పైగా డిగ్రీకి, మెడిసిన్‌కు మధ్య కనీసం ఏడాది విరామం తీసుకున్నవాళ్లే కాబట్టి, ఒక సంవత్సరం ఆగడం పరువు తక్కువేమీ కాదు. ఇంటర్వ్యూలే రాకపోతే లోపం మార్కుల్లోనో, వ్యాసాల్లోనో, కాలేజీల జాబితాలోనో ఉంది. ఇంటర్వ్యూలు వచ్చి సీటు రాకపోతే మాటలో ఉంది. కొన్ని కాలేజీలు అడిగితే ఫైలు గురించి సలహా ఇస్తాయి, అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ.

వెయిట్‌లిస్టు ఏప్రిల్ 30 తర్వాత నెమ్మదిగా కదలడం మొదలవుతుంది. ఒకరు వదిలిన సీటు ఇంకొకరికి, ఆ ఇంకొకరు వదిలింది మరొకరికి. కొందరికి ఆ ఫోన్ జులైలో, తరగతులు మొదలవడానికి వారం పది రోజుల ముందు వస్తుంది. అప్పటికి ఇంకో రాష్ట్రంలో, ఇంకో కాలేజీ దగ్గర అపార్ట్‌మెంటుకు డిపాజిట్ కట్టేసి, సామానంతా పెట్టెల్లో సర్దేసి ఉంటారు.